దిగువ కయ్యకు పారిన నీళ్లు

మా పరిశోధన కేంద్రం సంచికకు ఏదైనా రాసి పంపమని అక్కడ ఈ మధ్యే చేరిన ఒకాయన ఫోన్ చేశాడు. "సరదాగా ఉండేది ఏదైనా సరే సార్, రెండు పేజీలు చాలు" అన్నాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో సరదా సంగతులు లేకపోలేదు. పై అధికారి ఎలుకల బుట్టలో కాలు పెట్టిన కథ ఉంది. విత్తనాల సంచులకు చీటీలు తారుమారై రెండు వరి రకాలు ఒక ఏడాది పాటు ఒకదాని పేరు ఒకటి మోసిన కథ ఉంది. అవి టీ తాగుతూ చెప్పుకునేవి. కాగితం ముందు కూర్చుంటే మాత్రం నాకు ఒక్కటే వస్తోంది, అది సరదాగా ఉండదు. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే లేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నా పని ఏమిటో చెప్పాలి. కొత్త విత్తనమో, ఎరువో, మందో వస్తే దాన్ని రైతు పొలంలో ఒక కయ్యలో వేసి చూస్తాం. వరిమడిని మా నెల్లూరు వైపు కయ్య అంటారు. పక్కనే ఆ కొత్తది వేయని మామూలు కయ్య ఒకటి ఉంచుతాం. దాన్ని చెక్ అంటాం. రెండింటినీ పోల్చి తేడా ఉందో లేదో చెప్పాలి. ఏ కయ్య ఎక్కడుండాలి, నీళ్లు ఎటు నుంచి రావాలి, మధ్యలో గెనిమ, అంటే గట్టు, ఎంత ఎత్తుండాలి అని ముందే గీసుకునే పటాన్ని లేఅవుట్ అంటాం. ఆ కేంద్రంలో లేఅవుట్ అంటే నేనే. ఆ పాఠం కొత్తవాళ్లకు చెప్పేదీ నేనే. మీలో కొందరు విన్నారు కూడా. "చెక్ చెడితే ప్రయోగం చచ్చినట్టే" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ని. శ్రీరంగ నీతులు చెప్పడంలో నాకు సాటి వచ్చేవాళ్లు లేరు.

నేను రిటైరవడానికి మూడేళ్లు ఉందనగా ఒక అమ్మాయి ప్రాజెక్టు ఉద్యోగంలో చేరింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. పులికాట్ సరస్సు పక్కన ఒక పల్లె వాళ్లది. తండ్రి సరస్సులో వల వేసి బతికే మనిషి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఈమె ఒక్కతే. సన్నగా ఉండేది, మాట తక్కువ, కానీ చెప్పేది ఉంటే ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా చివరిదాకా చెప్పే ఆపేది.

వచ్చిన వారానికే ఒక గాజు సీసాలో పచ్చటి నీళ్లు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను ఏదో కషాయం అనుకున్నాను.

"మా ఊరి దగ్గర సరస్సు అంచున ఎండాకాలం నీళ్లు ఇంకిపోయి గుంటలు మిగుల్తాయి సార్. ఉప్పు పేరుకొని చేపపిల్ల కూడా బతకదు. ఇది మాత్రం బతుకుతాది" అంది.

సీసాలో ఉన్నది నాచు. బావి మెట్ల మీద జారే నాచు కాదు. ఒక్కొక్కటి ఒక్క కణమే ఉండి, కంటికి ఆనక, నీళ్లకు రంగు మాత్రమే ఇచ్చే నాచు. సూక్ష్మ శైవలాలు అని పుస్తకాల్లో రాస్తాం. ఆమె ప్రయోగశాల మూలన ట్యూబులైట్ల కింద అలమార నిండా సీసాలు పేర్చి, చేపల తొట్లకు గాలి కొట్టే చిన్న పంపులు పెట్టి, ఆ పచ్చనీళ్లను పెంచడం మొదలుపెట్టింది. ఆ మూలకు పోతే రోజంతా బుడగల చప్పుడే.

నాకు నమ్మకం లేదు. నా సర్వీసులో నాచు పేరుతో వచ్చి పోయినవి చాలా చూశాను. రైతులకు పొట్లాలు పంచడం, ఫోటోలు తీయించుకోవడం, మరుసటి ఏడు మరిచిపోవడం. ఆ మాటే అన్నాను.

"ఇది ఎరువు కాదు సార్" అంది. "వేరు దగ్గర ఉండే సూక్ష్మజీవులకు మేత. చవుటి నేలలో అవి తక్కువ గదా. ఈ నాచు నుంచి ఊరే రసానికి అవి పెరుగుతాయి. అవి పెరిగితే వేరు నిలబడతాది. మనం పైరుకు పెట్టేదేం లేదు, పైరును చూసుకునేవాళ్లకు పెడతాం, అంతే."

ఇరవై ఏళ్లుగా నేను చదివిన వ్యాసాల్లో ఇంత తేటగా చెప్పినవాళ్లు లేరు. అప్పుడా మాట ఆమెతో అనలేదు. ఇప్పుడంటున్నాను, ఎవరికి లాభం.

కుండీల్లో చవుటి మట్టి నింపి వరి నాటింది. సగం నారును పచ్చనీళ్లలో వేళ్లు ముంచి నాటింది, సగం మామూలుగా. నెల తర్వాత వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని తీసి, నీళ్లలో కలిపి, పలచన చేసి, గాజు గిన్నెల్లో గడ్డకట్టిన మేత మీద పూసింది. రెండు రోజులకు ఒక గిన్నెలో అక్కడక్కడా నాలుగు చుక్కలు, ఇంకో గిన్నెలో ఆవాలు చల్లినట్టు తెల్లటివి, పసుపువి, లేత గులాబీవి. ఒక్కో చుక్క ఒక్కో సూక్ష్మజీవుల సంసారం. గిన్నెను వెలుతురుకు పెట్టి చూస్తూ ఆ అమ్మాయి నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. అంత నవ్వు ఆమె ముఖంలో మళ్లీ చూడలేదు.

మా పై అధికారికి చూపించాం. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "కుండీలో ఏదైనా పండుతుంది. రైతు పొలంలో ఒక పైరు చూపించండి. తేడా వస్తే ప్రాజెక్టు పొడిగిద్దాం, అమ్మాయి ఉంటుంది. రాకపోతే ఇంతటితో సరి" అన్నాడు. అంటే ఆమె ఉద్యోగం, ఆ సీసాల అలమార, మొత్తం ఒక్క పంట మీద నిలబడ్డాయి. పొలం చూసి లేఅవుట్ వేసే పని నాకప్పగించాడు.

గూడూరుకు తూర్పున, కాలువ చివరన, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఒక రైతును చూసుకున్నాం. నలభై అయిదేళ్ల మనిషి. సగం పొలం చవుడు. ఎండితే తెల్లగా పొక్కేది. తారు రోడ్డు పక్కనే ఆయనకు రెండు కయ్యలు, ఒకటి ఎగువ, ఒకటి దిగువ. కాలువ నీళ్లు ముందు ఎగువ కయ్యలోకి వచ్చి, అది నిండాక గెనిమకు కొట్టిన గండి, మడవ అంటాం, దాని గుండా దిగువ కయ్యలోకి దిగుతాయి. మా వైపు సగం పొలాలకు అదే పారకం. ఒకరి కయ్యలోంచి ఇంకొకరి కయ్యకు నీళ్లు పోవడం మాకు తాతలనాటి నుంచీ ఉన్న పద్ధతి. దాని మీద ఎన్నో తగాదాలు, ఎన్నో వియ్యాలు కూడా. ఆ రోడ్డు బాటకు అవతల ఆయనవే ఇంకో మూడు కయ్యలుండేవి, వాటికి నీళ్లు వేరే కాలువ నుంచి.

పాఠం ప్రకారం చెక్ ఎగువన ఉండాలి, నాచు వేసేది దిగువన ఉండాలి. లేదా దిగువ కయ్యకు వేరే పిల్లకాలువ తవ్వాలి. నేను ఎగువ కయ్యను నాచుకిచ్చాను. ఎందుకంటే కార్లు ఆగేది అక్కడ. పై అధికారి దిగగానే కనపడే బోర్డు ప్రయోగం బోర్డు కావాలి కానీ చెక్ బోర్డు కాదు. మా కేంద్రంలో రాయని నియమం అది. పెద్దవాళ్ల బూట్లకు బురదంటని చోట మంచి పైరుండాలి. ముప్పై ఏళ్లుగా అలాగే చేశాం. అన్నిసార్లూ చెల్లింది.

రైతు తలగుడ్డ విప్పి మెడ మీద వేసుకుంటూ అడిగాడు. "సారూ, ఈ కయ్యకు నీళ్లు ఆ కయ్యలోంచే గదా వచ్చేది. పైన పోస్తే కిందికి రాదా?"

"మందు పోసినాక మూడు రోజులు మడవ మూసిపెట్టు. నేల తాగేస్తుంది" అన్నాను.

"మూడు రోజులైనాక తెరవాల గదా సారూ. లేకుంటే కింద ఎండతాది."

"తెరువు. అప్పటికి ఏముండదు."

"ఎందుకొచ్చిన గొడవ, బోర్డులు అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. అంతే గదా" అన్నాడు.

బోర్డులు అప్పటికే సిమెంటుతో పాతేశారు. మర్నాడు పొద్దున పై అధికారి మొదటి నారు నాటడానికి వస్తున్నాడు. పిల్లకాలువ తవ్వడానికి నలుగురు మనుషులకు ఒక రోజు పని. నేను గడియారం చూసుకున్నాను. "నీకు తెలియదులేయ్యా" అన్నాను. పొలం ఆయనది, నీళ్లు ఆయనవి, చిన్నప్పటి నుంచీ ఆ మడవ తిప్పింది ఆయన. తెలియనివాడు ఆయనట.

మూడు రోజులు అని ఎందుకన్నానో చెప్తాను, నా తప్పంతా అందులోనే ఉంది. యూరియా ప్రయోగాల్లో మేం మూడు రోజులు మడవ మూస్తాం. అంతలో నేల పట్టేస్తుంది, ఆ తర్వాత తెరిచినా పెద్దగా పోయేదుండదు. ఆ లెక్కే ఇక్కడా వేశాను. కానీ నేను పోయిస్తున్నది యూరియా కాదు. ప్రాణమున్నది. యూరియా మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇది మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. ఇది ఎరువు కాదు సార్ అని ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. తలూపాను. నా తలకు మాత్రం అది ఎరువుగానే ఎక్కింది.

ఆ అమ్మాయి కూడా అడిగింది. జీపులో తిరిగి వస్తున్నప్పుడు, కొంచెం జంకుతూ, "సార్, చెక్ కిందుంది గదా" అంది. "మూడు రోజులు మూస్తాం కదమ్మా" అన్నాను. నా పాఠం విన్న పిల్ల, ఇంకేమంటుంది. 

పెద్ద పైరు కాలం, మా వైపు వరికి అసలు పంట అదే. ఎగువ కయ్యకు నారు వేళ్లు పచ్చనీళ్లలో ముంచి, దిగువ కయ్యకు మామూలుగా నాటాం. తర్వాత మూడు విడతలుగా డ్రమ్ముల్లో పచ్చనీళ్లు తెచ్చి ఎగువ కయ్యలో పోశాం. ప్రతిసారీ మూడు రోజులు మడవ మూయడం, నాలుగో రోజు తెరవడం. రైతు చెప్పినట్టే చేసేవాడు, గెనిమ మీద కూర్చొని బీడీ కాలుస్తూ మడవ వైపు చూసేవాడు. 

పైరు పొట్టకొచ్చే వేళకు ఎగువ కయ్య పచ్చదనం ముదిరి నల్లగా, దిట్టంగా ఉంది. దిగువ కయ్య కూడా అంతే. ఊళ్లో వాళ్లు రెండు కయ్యలనూ చూసి మెచ్చుకునేవాళ్లు. బాటకు అవతల, అదే చవుట్లో, అదే విత్తనం నాటిన ఆయన కయ్యలు మాత్రం పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. నేను ఆ వైపు చూడటం మానేశాను. నా ప్రయోగంలో ఉన్నవి రెండే కయ్యలు కదా.

కోతకు ముందు రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చి బల్ల మీద మూడు గాజు గిన్నెలు వరసగా పెట్టింది. మొదటిది ఎగువ కయ్య వేరుమట్టి. నిండా చుక్కలు. రెండోది దిగువ కయ్యది. దానిలోనూ నిండా చుక్కలు, అవే రంగులు. మూడోది ఎవరూ చెప్పకుండానే ఆమె బాటకు అవతలి కయ్య నుంచి తెచ్చింది. అందులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తర్వాత సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. చెక్ కయ్య మట్టిని నీళ్లలో వేసి లైటు కింద పెట్టిందట. పచ్చగా మారింది.

"మైక్రోస్కోపులో చూసినాను సార్. మా సరస్సుదే. చెక్‌లో కూడా మనదే ఉండాది" అంది.

నేను సీసా ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. 

"అంటే పనిచేసినట్టే సార్" అంది నెమ్మదిగా. "రెండు కయ్యల్లోనూ పనిచేసింది. పోల్చాల్సింది ఈ రెంటినీ కాదు, అవతల వాటితో. రేపు అందరి ముందూ ఈ గిన్నెలు చూపిస్తే సరిపోతాది. నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?"

నిందించిన మాట ఒక్కటి లేదు. లేఅవుట్ అన్న పదమే ఎత్తలేదు. నా పరువు నా చేతికే ఇచ్చి నిలబడింది.

"నేను చెప్తానమ్మా. నువ్వు చిన్నదానివి, నీ మాట వినరు. గిన్నెలు తీసుకురా" అన్నాను. చెప్పాలనే అన్నాను. ఈ ఒక్కటీ నమ్మండి.

మర్నాడు రోడ్డు పక్కన షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు వచ్చారు. రెండు కయ్యల్లోనూ కొలత ప్రకారం తాడు కట్టి, కొడవళ్లతో కోయించి, అక్కడికక్కడే నూర్చి తూకం వేశాం. తక్కెడ ముందు నేనే కూర్చున్నాను. రెండు తూకాలూ దాదాపు ఒక్కటే.

పై అధికారి మైకు తీసుకున్నాడు. అంకెలు చదివాడు. "మన దగ్గర దాపరికం లేదు. కొత్తది వచ్చినంత మాత్రాన నెత్తికెత్తుకోం. పొలమే తీర్పు చెప్తుంది. నాచు వేసినా అంతే, వేయకపోయినా అంతే" అన్నాడు. రైతులు నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. "లేఅవుట్‌లో ఏమైనా లోపం ఉందంటారా అని అడగాలి, పద్ధతి కోసం. కానీ ఇది వేసింది ఈయన. ఇరవై ఏళ్లలో ఈయన గీసిన గీత ఒక్కసారి తప్పలేదు. ఏమంటారు?"

మైకు నా చేతిలోకి వచ్చింది. నా కుర్చీ వెనక ఆ అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో గుడ్డసంచి, అందులో మూడు గిన్నెలు. ముందు వరసలో మా కేంద్రం వాళ్లందరూ ఉన్నారు, వాళ్లలో సగం మందికి లేఅవుట్ నేర్పింది నేను. రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది. ఒక్క మాట చాలు. వెనక్కి చెయ్యి చాపి ఆ సంచి అందుకుంటే చాలు.

"లేఅవుట్ సరిగ్గానే ఉంది సార్" అన్నాను.

నా గొంతు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అసహ్యం. అబద్ధం చెప్పేవాడి గొంతు వణుకుతుందంటారు, నాది పాఠం చెప్పినంత ధాటిగా వచ్చింది.

వెనక వరసలో రైతు చెయ్యెత్తాడు. "సారూ, ఒక మాట. ఆ రెండు కయ్యలూ బాగుండాయి. బాటకవతల నా కయ్యలు కూడా ఒక్కసారి చూడండి..."

మైకు ఇంకా నా దగ్గరే ఉంది. "భోజనాలైనాక మాట్లాడుకుందాం. ఎండగా ఉంది, అందరూ లేవండి" అన్నాను. జనం పొట్లాల బల్ల వైపు కదిలారు. రైతు ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి దించుకున్నాడు. కంచే చేను మేయడమంటే అదే. చెక్‌ను కాపాడమని జీతమిచ్చి పెట్టిన మనిషిని నేను.

భోజనాలయ్యాక మాట్లాడుకోలేదు. పై అధికారి కారు వెళ్లిపోయింది. ఆ అమ్మాయి పొట్లం తీసుకోలేదు. జీపు వెంకటాచలం దాటింది. అప్పుడు ఆమె అడిగింది.

"గిన్నెలు కడిగేయమంటారా సార్?"

"రెండు రోజులుంచు" అన్నాను. రెండు రోజుల తర్వాత కడిగేసింది. 

నివేదిక నేనే రాశాను. చెక్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని చివరి వాక్యం. అందులో అబద్ధం లేదు చూడండి. తేడా నిజంగానే లేదు. ఎందుకు లేదో రాయలేదు, అంతే. సంతకం పెట్టాను. ఆ నెలాఖరుకు ప్రాజెక్టు ముగిసింది, ఆ అమ్మాయి అలమార ఖాళీ చేసింది. సీసాల్లో పచ్చనీళ్లు సింకులో పారబోస్తుంటే నేను వరండాలోంచి పోతూ చూశాను. పనున్నట్టు నడిచిపోయాను. వెళ్లేముందు నా గదికి వచ్చి "వెళ్లొస్తా సార్" అంది. మంచిదమ్మా అన్నాను, అంతే.

రెండేళ్లకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఈయన గీసిన గీత తప్పలేదని అదే మాట మళ్లీ అన్నారు. శాలువా బీరువాలో ఉంది, నేను తీయను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తప్పుడు నివేదిక రాసినవాడికి ఒక సుఖం ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు అనుకుంటాడు. కానీ చదివారు. ఒక పెళ్లిలో పాత సహోద్యోగి కలిసి చెప్పాడు. తీరప్రాంతం చవుటి నేలల్లో ఇలాంటి నాచు ప్రయోగాలు చేస్తామని ఆ అమ్మాయి వేరే చోట నుంచి రెండుసార్లు ప్రతిపాదన పంపిందట. రెండుసార్లూ తిరగ్గొట్టారట. ఈ ప్రాంతంలో ఇప్పటికే పరీక్షించారు, ఫలితం లేదు, నివేదిక చూడండి అని. ఆ నివేదిక నాది. ఒక పంట కాలానికి చెప్పిన అబద్ధం అనుకున్నాను. అది నా కంటే గట్టి ఉద్యోగి, రిటైరవ్వకుండా పనిచేస్తూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాయుడుపేటలో ఎరువుల కొట్టు ముందు ఆ రైతు ఎదురయ్యాడు. కొట్టు అద్దాల వెనక నాచు బొమ్మలున్న సీసాలు వరసగా ఉన్నాయి, ఎక్కడి నుంచో వచ్చినవి. ఆయన వాటివైపు చూడను కూడా చూడలేదు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. తిడితే బాగుండేది.

"నేనింకా వేస్తా ఉండా సారూ" అన్నాడు. "ఆ పాప పోయేటప్పుడు ఒక క్యాను ఇచ్చిపోయింది. ఇంటి వెనక సిమెంటు తొట్లో పెంచుకుంటా ఉండా. పై కయ్యలో పోస్తే చాలు, కిందికి అదే పోతాది. మీ మడవ పుణ్యాన తెలిసింది."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే చెప్పాడు. నేను తల వంచుకున్నాను. ఆ పాప ఎక్కడుందని అడిగితే తీరంలో రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలో పనిచేస్తోందని చెప్పాడు. రొయ్యపిల్లలకు పుట్టగానే నాచే మేత. అక్కడ ఆ పని బాగా తెలిసినవాళ్లు కావాలి.

ఇంటికొచ్చి ఒక ఉత్తరం రాశాను. చెక్ కయ్యను నేనే దిగువన పెట్టానని, నీళ్లు పై కయ్యలోంచే వెళ్లాయని, గిన్నెలు చూసి కూడా దాచానని, ఆ నివేదికను లెక్కలోకి తీసుకోవద్దని కేంద్రానికి రాశాను. కవర్లో పెట్టాను. పోస్టు చేయలేదు. దాన్ని జేబులో పెట్టుకొని బస్సెక్కి హేచరీకి పోయాను.

ఇసుక దారి, ఆ చివర రేకుల షెడ్లు. పెద్ద పెద్ద తొట్లలో నీళ్లు, గాలి గొట్టాల బుడగల చప్పుడు, మా మూల అలమార చప్పుడే, వందరెట్లు. ఆమె రబ్బరు బూట్లతో వచ్చింది. కొంచెం లావైంది. కుర్చీ వేయించింది, టీ తెప్పించింది. నేను కవరు చేతికిచ్చాను. నిలబడే చదివింది. రెండోసారి చదివింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఎన్నేళ్లుగానో మోస్తున్న బరువు దింపుకోవడానికి వచ్చానని నాకు తెలుసు, ఆమె 'పర్లేదు సార్' అంటుందని ఆశపడ్డాననీ తెలుసు.

కాగితం మడిచింది. "కేంద్రానికి పంపినారా సార్?"

"ఇంకా లేదమ్మా. ముందు నీకు చూపిద్దామని."

ఆమె కవరు నా చేతిలో తిరిగి పెట్టింది. గొంతులో కోపం లేదు. "అప్పుడు కూడా ఇట్టనే సార్. ముందు నా దగ్గర చెప్పినారు, అక్కడ చెప్పలేదు" అంది. "ముందు అక్కడికి పంపండి. తర్వాత నాకు చూపిద్దురు గాని."

రొయ్యపిల్లలకు మేత వేళైందని ఎవరో పిలిచారు. వెళ్లొస్తానని వెళ్లిపోయింది. టీ చల్లారిపోయింది, తాగేసి వచ్చాను.

ఆ సాయంత్రమే గూడూరులో దిగి రిజిస్టరు పోస్టు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా పట్టుకున్నాను. అందినట్టు కార్డు వచ్చింది. కొన్ని నెలలకు జవాబు కూడా వచ్చింది. సదరు ప్రాజెక్టు ముగిసిందని, నివేదిక ఆమోదం పొందిందని, పదవీ విరమణ చేసినవారి అభ్యర్థన మీద దాన్ని మార్చే వీలు లేదని. కింద సంతకం నేను లేఅవుట్ నేర్పిన పిల్లవాడిది. తప్పుపట్టను. నేను నేర్పిన పాఠం బాగానే వంటబట్టింది.

ఆ జవాబు ఆమెకు చూపించలేదు. చూపించడానికి మొహం లేదు. ఇంతలో మీ ఫోన్ వచ్చింది, సరదాగా రెండు పేజీలు అని.

కేంద్రం ఫైలులో చోటు లేనిది కేంద్రం సంచికలో దొరుకుతుందేమో చూద్దామని ఇది రాశాను. వేస్తే ఒక ప్రతి నాకు పంపకండి, ఆ హేచరీకి పంపండి, ఇంకొకటి ఆ రైతుకు. చిరునామాలు విడిగా రాసిచ్చాను. ఆ రోజు షామియానా కింద మైకు నా చేతిలో ఉన్నప్పుడు, ఆ అమ్మాయి నా వెనక సంచి పట్టుకొని నిలబడి ఉన్నప్పుడు, చెప్పాల్సిన మాట ఇంతే.

లేఅవుట్ తప్పు సార్. వేసింది నేను.